పైడిరాజు ఎడమ మోకాలు, తొంభై డిగ్రీల బేరం

రోగి అంటే గిట్టనివాణ్ణి పనిగట్టుకుని పిలిచి, ట్రీట్‌మెంట్ గదిలో కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ కూర్చోబెట్టిన ఫిజియోథెరపిస్టు ఉత్తరాంధ్రలో ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో నాకన్నా చదువుకున్నవాళ్లు, నాకన్నా పెద్ద గ్రేడులో ఉన్నవాళ్లు చేసిన తప్పులు చాలా చూశాను. ఎవరి సలహా లేకుండా, సొంత తెలివితో, పట్టపగలు, హాజరు పట్టీలో సంతకం పెట్టి మరీ ఇంత పెద్ద తప్పు చేసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుందనగా, చెరకు ఆడే కాలం మొదలైన కొత్తలో, నన్ను జిల్లా కేంద్రం నుంచి చోడవరం ప్రభుత్వాసుపత్రికి డెప్యుటేషన్ మీద వేశారు. డెప్యుటేషన్ అంటే జీతం ఒక చోట, పని ఇంకో చోట. సోమ, బుధ, శుక్రవారాలు నావి. ఫిజియోథెరపిస్టు డాక్టరు కాదు, నర్సూ కాదు. ఎముక అతికించేది సర్జన్. అతికిన ఎముకతో మనిషి చేత మళ్లీ పని చేయించేది మేము. రోగులు ‘డాక్టరమ్మా’ అంటారు, డాక్టర్లు ‘ఎక్సర్‌సైజుల మేడమ్’ అంటారు. రెంటికీ పలుకుతాం.

చోడవరం నాకు కొత్త కాదు. మా నాన్నకి మెయిన్ రోడ్డులో ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. బిందె చేత్తో తట్టి, మోత విని, ధర చెప్పేవాడు. వచ్చిన బేరం మెట్టు దిగి ఎన్ని అడుగులు వేశాక వెనక్కి పిలవాలో నాకు అయిదో తరగతికే తెలుసు. ఆ చదువు నా ఉద్యోగానికి ఫిజియోథెరపీ డిప్లొమా కన్నా ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే మా పనంతా బేరమే. మా చేతిలో గోనియోమీటర్ అనే కొలత పరికరం ఉంటుంది: రెండు ప్లాస్టిక్ బద్దలు, మధ్యలో కదిలే మేకు, చుట్టూ డిగ్రీల గీతలు. ఒక బద్ద తొడ వెంట, ఇంకోటి పిక్క వెంట పెడితే మోకాలు ఎంత వంగిందో చెబుతుంది. తిన్నగా చాస్తే సున్నా, మడమ పిరుదుకి తగిలేలా మడిస్తే నూట ముప్ఫై అయిదు, ఆ పైన. “ఇంకో పది” అంటాం మేము. “అమ్మా, రెండు” అంటాడు రోగి. ఆరు దగ్గర తెగుతుంది.

తరవాత జనవరిలో ఒక సోమవారం ఓపీ చీటీ పట్టుకుని, రెండు చంకకర్రల మీద, పైడిరాజు వచ్చాడు.

ఈ పేరు మా వైపు ఫుట్‌బాల్ చూసిన వాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. పదిహేడేళ్ల వయసులో ఎడమ కాలితో బంతిని గీత వెంట లాక్కుపోతుంటే, మా నాన్నలాంటి వాళ్లు కూడా కొట్టు మూసి గ్రౌండుకి వెళ్లేవారు. అతని మొదటి బూట్లు ఊరి చందాతో కొన్నవి. మా నాన్న చందా ఇచ్చి, బూట్ల ధర కూడా తనే తగ్గించి తెచ్చాడు. తరవాత విశాఖపట్నంలో ఒక కంపెనీ అతనికి ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం ఇచ్చింది. రెండేళ్లకి అదే కంపెనీ టీముతో మా ఊరి టీము మీదే ఫైనల్ ఆడటానికి మా ఊరే వచ్చాడు. ఆఖరి నిమిషంలో పెనాల్టీ. తనే తన్నాడు, గోల్ కొట్టాడు. అది ఆట. కానీ ఆ తరవాత జనం ముందుకి పరిగెత్తి, పెదాల మీద వేలు పెట్టి, ‘నోరు మూసుకోండి’ అన్నట్టు చూపించాడు. బూట్లు కొనిచ్చిన జనానికి.

అతను రాష్ట్ర జట్టుకి ఆడాడు, పేపర్లలో ఫోటోలు పడ్డాయి, వయసు మళ్లి ఆట మానేశాడు, ఉద్యోగం కూడా ముందే వదిలి నాలుగు ఎకరాల చెరకు చేసుకోవడానికి తిరిగొచ్చాడు. ఊరు ఆ వేలుని మాత్రం మరిచిపోలేదు. ఇప్పుడు చెరకు లోడుతో ఉన్న అతని సొంత ట్రాక్టరే దేవరాపల్లి రోడ్డులో పక్కకి ఒరిగి, అతని ఎడమ కాలు దాని కింద పడింది.

“ఆ కాలే” అన్నారు ఊళ్లో. అదే మాట కొందరు ఏడుస్తూ అన్నారు, కొందరు తల పంకిస్తూ అన్నారు. ఆసుపత్రి ఎదురుగా టీ బడ్డీ దగ్గర పొద్దున్నే ఇదే గొడవ. దాలినాయుడని ఒక ఆటో అతను ఉండేవాడు. ఆటో వెనక అద్దం నిండా పైడిరాజు ఫోటో. వారానికి మూడుసార్లు పైడిరాజుని పైసా తీసుకోకుండా తెచ్చి దింపేవాడు. వెల్డింగ్ షాపు గౌరినాయుడు అతనికి రోజూ ఎదురయ్యేవాడు. ఆ ఫైనల్లో మా ఊరి గోల్‌కీపరు ఈ గౌరినాయుడే.

“దేవుడు ఉన్నాడొరే దాలీ” అనేవాడు గౌరినాయుడు, గ్లాసు ఊదుకుంటూ. “ఏ కాలు సూసుకుని ఎగిరేడో ఆ కాలే తీసేడు.”

“నీ నోట్లో మట్టి కొట్ట! దేవుడికి నువ్వు గోల్ ఆపలేదన్న కోపం నేదేటి? నీకేటీ ఇరగలేదే?”

“ఇరగలేదని నువ్వు సూసేవేటి?”

ఆ ఆఖరి మాట నేను కూడా విన్నాను, పట్టించుకోలేదు.

పైడిరాజు కేసు షీటులో ఇలా ఉంది: ఎడమ తొడ ఎముక, మోకాలికి కాస్త పైన, మూడు ముక్కలు. విశాఖలో ప్లేటు వేసి ఆరు వారాలైంది. ఎముక గట్టిపడింది, మోకాలు బిగుసుకుపోయింది. నేను కొలిస్తే ముప్ఫై అయిదు డిగ్రీలు. సర్జన్ గారు చీటీలో రెండే లైన్లు రాశారు. ఇప్పుడు గట్టిగా వంచవచ్చు. ఇంకో ఆరు వారాల్లో తొంభై రాకపోతే మత్తిచ్చి వంచాలి. మత్తిచ్చి వంచడమంటే స్పృహ లేని మనిషి మోకాలిని సర్జన్ బలవంతంగా మడవడం. కొందరికి అంతటితో బాగవుతుంది. కొందరికి అతికిన చోటే మళ్లీ విరుగుతుంది. తొంభై కన్నా బాగా తక్కువలో ఆగిపోతే కుర్చీలో కాలు చాపుకునే కూర్చోవాలి, బస్సు మెట్టు ఎక్కడం కష్టం, ట్రాక్టరు సంగతి మరిచిపోవాలి. ట్రాక్టరుకి క్లచ్ ఎడమ కాలిదే.

మొదటి వారం పైడిరాజు బల్ల మీద బస్తాలా పడుకున్నాడు. వేడి కాపడం పెట్టాను, టాల్కం పౌడరు చల్లిన చెక్క మీద మడమ జార్చమన్నాను. రెండుసార్లు జార్చి, పైకప్పు చూసేవాడు.

“మేడమ్, వచ్చినంత వస్తాది. రాకపోతే నేదు. ఊరికి సంతోషమే కదా.”

“ఊరి సంతోషం సంగతి తరవాత. ఇంకో అయిదు ఇయ్యి బాబూ.”

“మీరు కొట్టోరి అమ్మాయి. అయిదంటారు, పది లాగుతారు.”

ఎంత బేరమాడినా మనిషి మెట్టు దిగి వెళ్లిపోతున్నట్టే ఉన్నాడు. ఎనిమిది రోజులకి నలభై రెండు.

పదో రోజు, అంటే రెండో బుధవారం, వరండా వైపు కిటికీ చువ్వ పట్టుకుని గౌరినాయుడు లోపలికి చూశాడు. చూసి, “ఏరా పెద్ద స్టారూ! బంతి కనిపిత్తే గాని మడవదేటి?” అన్నాడు.

పైడిరాజు పళ్లు బిగించాడు. నా చేతి కింద తొడ కండరం తాడులా పట్టు పట్టి, ఒక్కసారి వదిలింది. మడమ జారింది. కొలిచాను. యాభై మూడు. ఒక్క మాటకి పదకొండు డిగ్రీలు!

కొట్లో పెరిగినదాన్ని. ఊళ్లో ఉచితంగా దొరికే సరుకు, దానికి ఇంత గిరాకీ ఉందని తెలిశాక వదిలేదాన్నా? బయటికి వెళ్లి గౌరినాయుణ్ణి పిలిచాను. “సోమ, బుధ, శుక్ర, పది గంటలకి రా నాయుడూ. తిట్టు. కుర్చీ వేస్తాను.”

అతను నన్ను ఎగాదిగా చూశాడు. “నిజంగానా మేడమ్? గవర్నమెంటు ఆసుపత్రిలోనా?”

“వైద్యంలో భాగమే” అన్నాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

ట్రీట్‌మెంట్ గదిలోకి రోగి, రోగి తాలూకు ఒక్క మనిషి తప్ప ఇంకెవరూ రాకూడదని రూలు. పైడిరాజుతో ‘ఒకరు’గా వచ్చేది అతని భార్య రమణమ్మ. ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టి, ఆవిడ కుర్చీ గౌరినాయుడికి ఇచ్చాను. పైడిరాజుని అడగలేదు. అడిగితే ఒప్పుకోడని తెలుసు.

ఇంకో తప్పు కూడా అప్పుడే మొదలుపెట్టాను, ఇది ఎవరికీ కనపడనిది. మోకాలికి రెండు కొలతలుంటాయి. కాపడం పెట్టి, వంచి, సాగదీసిన వెంటనే తీసేది వేడి కొలత. రాత్రి గడిచాక మళ్లీ వచ్చినప్పుడు, పని మొదలుపెట్టక ముందు తీసేది చల్లటి కొలత. రోగికి నిజంగా మిగిలింది రెండోదే, షీటులో రాయాల్సింది కూడా అదే. నేను వేడివి రాశాను. యాభై మూడు, యాభై ఆరు, అరవై ఒకటి. మళ్లీ వచ్చినప్పుడు కొలిస్తే నలభై అయిదు, నలభై ఏడు అని వస్తున్నాయని చేతికి తెలుసు. కలం ఒప్పుకోలేదు.

మూడో వారానికి వార్త ఊరంతా పాకింది. పైడిరాజుని చూడటానికి జనం వరండాలో చేరారు. పదకొండు మంది దాకా లెక్కపెట్టాను. వాళ్లలో తిట్టడానికి వచ్చినవాళ్లెవరో, చూసి జాలిపడటానికి వచ్చినవాళ్లెవరో నాకు తేలలేదు. వాళ్లకీ తేలలేదనుకుంటాను. ఒకాయన కొబ్బరిబొండం తెచ్చి కిటికీలోంచి అందించి, “తాగరా, నమ్మకద్రోహి” అన్నాడు. నిజంగా తాగమనే అన్నాడు.

ఆ శుక్రవారం అరవై మూడు కోసం పట్టుబట్టాను. పైడిరాజు అరిచాడు. నొప్పికి మగవాళ్లు అరవడం నాకు కొత్త కాదు. ఆ అరుపు తరవాత కళ్లు మూసుకుని, “అమ్మా” అంటూ ఏడ్చాడు. గౌరినాయుడు తిట్టడం మానేసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సాయంత్రానికి ఆ ఏడుపు ఊళ్లో ప్రతి ఫోనులో ఉంది. కిటికీ దగ్గర ఎవరో తీసి, పాత ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద నవ్వే బొమ్మలు, దండం పెట్టే బొమ్మలు. కొందరు రెండూ పెట్టారు. తీసింది పైడిరాజు అంటే పడనివాళ్లే అయ్యుంటారని నాతో సహా అందరం అనుకున్నాం. తీసింది దాలినాయుడు. ‘మన సింహం పోరాడతంది, దీవించండి’ అని రాసి మరీ పెట్టాడు.

సోమవారం పైడిరాజు రాలేదు. బుధవారం రాలేదు. మా సూపరింటెండెంటు గారు పిలిచి, రోగి ఏకాంతానికి భంగం కలిగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో చేతిలో పెట్టారు. ఆయన మంచివాడు. “ఎవరో తోసుకుని వచ్చారని రాయండి మేడమ్, సరిపోతుంది” అన్నారు. ఆ ధర తక్కువే. అయినా, నేనే పిలిచాను అని రాసిచ్చాను.

ఆ సోమవారం ఖాళీ బల్ల ముందు కుర్చీలో సమయానికి వచ్చి కూర్చున్నది ఒక్క గౌరినాయుడే.

“వాడు రాలేదేటి?”

“వస్తాడా? నువ్వు గెలిచావు నాయుడూ. ఇంటికెళ్లు.”

“గెలుపేటి మేడమ్. ఏక్సిడెంటని ఇన్నప్పుడు నవ్వేను. అబద్దమెందుకు. నవ్వేక అన్నం దిగలేదు. అదీ నిజమే, ఇదీ నిజమే. మా ఆవిడ దేనికి ఏడుస్తన్నావో తేల్చుకోమంది. నాకు తేలలేదు.”

చెబుతూ, గోడ మీద కేలండరు కాగితం తిప్పడానికి ఎడమ చెయ్యి ఎత్తాడు. కేలండరు అతనికి కుడిపక్కన ఉంది. కుడి చెయ్యి సుఖంగా లేచేవాడెవడూ అలా అడ్డంగా ఎడమ చెయ్యి వాడడు. మొదటి రోజు కిటికీ చువ్వ కూడా ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు.

“కుడి చెయ్యి ఎత్తు.”

“ఎందుకు?”

“ఎత్తమన్నాను.”

భుజం మొత్తం చెవి దాకా ఎగదోశాడు గాని చెయ్యి రొమ్ము ఎత్తు కూడా దాటలేదు. కొలిచాను. డెబ్భై. మామూలు భుజానికి నూట ఎనభై ఉండాలి. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే ఆ ఫైనల్ నుంచి అన్నాడు. ఆ పెనాల్టీకి అతను సరైన వైపే దూకాడు. బంతి వేళ్లకి తగిలింది. తగిలి లోపలికి పోయింది. పడటం కుడి భుజం మీద పడ్డాడు. డాక్టరుకి చూపిస్తే ఎలా తగిలిందని అడుగుతాడు. చెబితే ఆ గోలు గురించి మళ్లీ చెప్పుకోవాలి. అందుకని ఇరవై ఏళ్లు ఎవరికీ చూపించలేదు. వెల్డింగు రాడ్డు ఎడమ చేత్తో పట్టడం నేర్చుకున్నాడు.

మంగళవారం నాకు చోడవరంలో డ్యూటీ లేదు. గౌరినాయుణ్ణి వెంటబెట్టుకుని దాలినాయుడి ఆటోలో పైడిరాజు ఇంటికి వెళ్లాను. దాలినాయుడు వీధి మలుపులోనే ఆపి, “మీరెల్లండి మేడమ్, నాను ఈడే ఉంతాను” అన్నాడు.

పైడిరాజు మంచం మీద కాలు తిన్నగా చాపుకుని ఉన్నాడు. కాలి కింద దిండు. మోకాలు బిగిసిన రోగికి దిండు హాయిగానే ఉంటుంది, అదే శత్రువు. ముందు దిండు తీసేశాను. బద్దలు పెట్టి కొలిచాను. నలభై ఎనిమిది. నా షీటులో అరవై మూడు ఉంది.

“సర్జన్ గారి పరీక్షకి ఇంకా మూడు వారాలుంది” అన్నాను. “తప్పు నాది. నిన్ను అడక్కుండా పిలిచాను. ఇప్పుడు తలుపు మూస్తాను, కిటికీకి తెర కడతాను.”

“ఊరంతా సూసేక తెరెందుకు మేడమ్? మత్తిచ్చి వంచుకోనీండి. ఇరిగితే ఇరుగుతాది.”

రమణమ్మ గుమ్మం దగ్గర్నుంచి, “క్లచ్ నాను తొక్కాలేటి?” అంది.

గౌరినాయుడు చొక్కా గుండీలు విప్పి, కుడి చెయ్యి ఎత్తి, ఆగిన చోట ఆపి చూపించాడు.

“సూడు. నీకు వీడియో ఉంది. నాకు అదీ నేదు.”

పైడిరాజు చాలాసేపు చూశాడు. “ఆ గోలుకా?”

“కాదు, నీ పెళ్లి ఊరేగింపులో ఎగిరితే.”

పైడిరాజు ముక్కుతో నవ్వాడు. అది అతని నవ్వు నేను మొదటిసారి వినడం. తరవాత అన్నాడు: “ఈడ్ని బల్ల ఎక్కించండి మేడమ్. ఈడు ఎంత ఎత్తితే నాను అంత మడుస్తాను. ఈడు అరిచినపుడు నాను కుర్సీలో కూకుంతాను.”

“భుజానికి, మోకాలికి సమానమేటి?” అన్నాడు గౌరినాయుడు వెంటనే. “నాకు నూట పది కావాల. ఆడికి తొంభైకి నలభై రెండు సాలు. నాకు నష్టం.”

“ఇరవై ఏళ్ల పాత సరుకు నీది” అన్నాను. “ఒకటికి ఒకటి. ఇష్టమైతే ఎక్కు, లేకపోతే మెట్టు దిగు.”

ఎక్కుతానన్నాడు.

మర్నాటి బుధవారం పైడిరాజు ఇంకా రాలేదని ముందే రాశాను కదా. సిగ్గు తీరడానికి ఒక రోజు పట్టింది. శుక్రవారం ఇద్దరూ వచ్చారు. కిటికీలకి పాత దుప్పటి కట్టాను. ఫోన్లన్నీ గుమ్మం బయట ఒక ప్లాస్టిక్ బకెట్లో వెయ్యాలి. బకెట్ కాపలా దాలినాయుడిది. తన ఫోను మొదట అందులో వేసి, మూడు వారాలూ అక్కడే గొంతుకూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

లోపల ఒకడు పౌడరు చెక్క మీద మడమ జార్చేవాడు, ఇంకొకడు గోడ మీది నిచ్చెన గీతల వెంట వేళ్లు పాకించేవాడు. తిట్లు ఆగలేదు. ఒకరోజు గౌరినాయుడు, భుజం సాగడానికి నేను కట్టిన కప్పీ తాడు లాగుతూ అడిగాడు:

“వేలెందుకు పెట్టేవురా ఆ వేళ?”

పైడిరాజు మడమ జార్చడం ఆపాడు. “తెలీదు. గోల్ కొట్టేక ఒళ్లు తెలీదు. మీరు మొదటి నుంచీ ‘అమ్ముడుపోయినోడా’ అని అరుస్తన్నారు. పెట్టేను.”

“అది సాలదు.”

“సాలదు. మరి నా దగ్గర అంతే ఉంది.”

“సరే, మడు.”

ఇంకేమీ జరగలేదు. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆ రోజు పైడిరాజుకి చల్లటి కొలతలో రెండు డిగ్రీలు పెరిగాయి, గౌరినాయుడికి ఒకటి. ఎందుకు తక్కువ వచ్చిందని నాతో పేచీ పెట్టుకున్నాడు.

ఇంటి దగ్గర చేసుకోమన్న వ్యాయామాలు కూడా చేస్తున్నారని తరవాత తెలిసింది. పైడిరాజు అరుగు మీద కాలు వేలాడేసుకుని రోజుకి అయిదారుసార్లు మడిచేవాడు. గౌరినాయుడు షాపు గుమ్మం మీద చెయ్యి పాకించేవాడు. ఎదుటివాడు ముందుకి పోతాడేమోనన్న భయం. కొలత మాత్రం నేను రోజూ వచ్చిన వెంటనే, కాపడం పెట్టక ముందే తీశాను. నలభై ఎనిమిది, యాభై నాలుగు, యాభై తొమ్మిది. ఎక్కేది కొంచెమే, ఎక్కింది దిగలేదు.

సర్జన్ గారి పరీక్షకి ముందు రోజు షీటు పూర్తి చేసి ఇవ్వాలి. పొద్దున్న చల్లటి కొలత డెబ్భై ఎనిమిది. అంతా అయ్యాక, వేడి కొలత తొంభై ఒకటి.

“తొంభై ఒకటి!” అన్నాడు పైడిరాజు, మోకాలి మీద పెట్టిన బద్దలు తనే చదువుకుని. “రాసీండి మేడమ్. కళ్లారా సూసేరు కదా.”

నిజమే, చూశాను. అబద్ధం కూడా కాదు. డెబ్భై ఎనిమిది అని రాస్తే రేపు మత్తు బల్ల ఎక్కించవచ్చు. తొంభై ఒకటి అని రాస్తే ఇంటికి పంపేస్తారు, ఇంకో నెలలో వెనక్కి బిగుస్తుంది. నా కలం తొంభై ఒకటి వైపు వంగిందని ఒప్పుకుంటాను. ఆ మనిషి ముఖం చూస్తే ఎవరికైనా వంగుతుంది.

గౌరినాయుణ్ణి ఎవరూ అడగలేదు. తాడు వదిలి, “బంతి గీత మీదుంటే గోల్ కాదొరే” అన్నాడు. “దాటాల. పొద్దున్న ఎంతొచ్చింది మేడమ్? అదే రాయండి.”

“నీకేటి, నీ మోకాలు కాదు!”

“మళ్లీ ఇరిగితే నానెవుణ్ణి తిట్టాల?”

డెబ్భై ఎనిమిది రాశాను. కలం చేతిలో ఉంది కదా అని, మొదటి మూడు వారాల్లో రాసిన వేడి కొలతలు కూడా ఒక్కొక్కటే గీత కొట్టి, చేతికి గుర్తున్న చల్లటి కొలత పక్కన రాసి, పొట్టి సంతకాలు పెట్టాను. రూలు ప్రకారం దిద్దుబాటు అలాగే చెయ్యాలి: పాతది కనపడుతుండాలి, కింద సంతకం ఉండాలి. షీటు చూడటానికి పాత బాకీల పుస్తకంలా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సర్జన్ గారు విశాఖ నుంచి ఫోన్ చేశారు.

“ఈ కొట్టివేతలేమిటి మేడమ్?”

చెప్పాను.

“నేను కొలిస్తే డెబ్భై తొమ్మిది వచ్చింది. మీ పాత అంకెలు నమ్మి ఉంటే, అరవై మూడు నుంచి పదిహేనే వచ్చింది, ఇక ఆగిపోయింది అనుకుని ఈ రోజే మత్తిచ్చేవాణ్ణి. కొత్త అంకెల ప్రకారం మూడు వారాల్లో ముప్ఫై పెరిగింది. పెరుగుతున్నదాన్ని నేనెందుకు కదుపుతాను? ఇంకో ఆరు వారాలు చేయించండి.”

పైడిరాజుకి ఈ మాట చెబితే, “మీ బేరం గట్టిదే మేడమ్” అన్నాడు. నేను చేసిన బేరం కాదని అతనికి చెప్పలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. ఎవరి మీదైనా, దేని మీదైనా, వేడి మీద తీసిన కొలత రాసిపెట్టుకోకూడదు. జనం ఒక మనిషి గురించి టీ బడ్డీ దగ్గర అనేది వేడి కొలత. వాళ్లని దాంతో కట్టిపడెయ్యడం నా వృత్తికి తగని పని.

ఇక ఆఖరి లెక్క, ఉన్నదున్నట్టు. పైడిరాజు ఎడమ మోకాలు: నూట నాలుగు డిగ్రీలు వంగుతుంది, తిన్నగా చాచినప్పుడు అయిదు డిగ్రీలు లోటు. క్లచ్ తొక్కుతాడు, బస్సెక్కుతాడు. గొంతుకూర్చోలేడు, పరిగెత్తలేడు, కొంచెం కుంటుతాడు. గౌరినాయుడి కుడి భుజం: డెబ్భై నుంచి నూట పదిహేను. దండెం మీద బట్ట ఆరేస్తాడు, పైఅరలో డబ్బా అందదు. ఆ గోలు విషయంలో రాజీ: లేదు, రిటైరయ్యే ముందు వారం కూడా అడిగాను. నా సర్వీసు పుస్తకంలో మందలింపు: ఒకటి, న్యాయమైనదే. నేను తరవాత కుర్చీ వేసి పిలిచిన కోపం మొదటి రోజు మోకాలికి ఇచ్చింది పదకొండు డిగ్రీలు; మళ్లీ కొలిచేసరికి ఎనిమిది వెనక్కి పోయాయి. మూడు మిగిలాయి. మిగతావన్నీ వాళ్లిద్దరూ సంపాదించుకున్నవి.